చెప్పుల గట్టు మహిమ

గుమ్మలపాడు కళాశాల మైదానానికి తూర్పు వాకిట మోకాలెత్తు మట్టిగట్టు ఒకటి ఉన్నది. కబడ్డీ చూడవచ్చినవారు, ప్రిన్సిపాలుగారైనా సరే, దానిమీద చెప్పులు విడిచి ఉత్త కాళ్లతోనే లోపలికి రావలెను. పొరుగు జట్టు వెంట వచ్చినవారి చెప్పులను మాత్రం ఇక్కడి విద్యార్థులే స్వహస్తాలతో జతకూర్చి పెడతారు. కొత్తవారు ఇదేం చోద్యమని ముక్కున వేలేసుకుంటారు.

పూర్వం ఇక్కడ గుంపస్వామి మాస్టారు కబడ్డీ నేర్పేవారు. ఆయన జట్టు బరిలోకి దిగిందంటే తవిటినాయుడనే విద్యార్థి డప్పు అందుకునేవాడు. కూతకు వెళ్లినవాడికంటే ముందు ఇతని గొంతే పోయేది. మాస్టారంటే అతనికి ప్రాణం. కానీ అభిమానం ముదిరితే వెర్రి అవుతుంది కదా!

ఒక ఏడు జిల్లా ఫైనలు ఇక్కడే జరిగింది. చివరి కూతకు వెళ్లిన మన కుర్రవాడు ఎదుటివాణ్ణి తాకి వచ్చాడు. రెఫరీ పాయింటు ఇచ్చాడు. కప్పు మనదేనని జనం గంతులేస్తుండగా, గీత పక్కన కూర్చున్న మాస్టారు లేచి, మావాడి కాలు ముందే గీత దాటింది, నేను చూశాను, పాయింటు వాళ్లదే అన్నారు. కప్పు కాస్తా పొరుగూరికి పోయింది.

జనానికి పూనకం వచ్చింది. మాస్టారు అమ్ముడుపోయారని ఎవరో అరిచారు. మొదటి చెప్పు విసిరినవాడు తవిటినాయుడే. అది ఆయన కనుబొమ్మకు తగిలి నెత్తురు కారింది. వెనకే చెప్పుల వాన కురిసింది. ఆ నెత్తురు చూసి అందరూ పారిపోయారు.

మర్నాడు చూస్తే చెప్పులన్నీ దుమ్ము దులిపి, జతలుగా గట్టుమీద పెట్టి ఉన్నాయి. పెట్టినది మాస్టారే. శిష్యుల చెప్పులు గురువు చేత ముట్టించిన పాపం ఏ గంగలో మునిగితే పోతుంది? పిల్లలు తలలు వంచుకుని వచ్చి, ఆయన కాళ్లకు మొక్కి, ఎవరివి వారు తీసుకుపోయారు. ఒక ఒంటిచెప్పు మిగిలిపోయింది.

దాని జత తవిటినాయుడి ఇంట్లో ఉంది. ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? సిగ్గుతో చితికిపోయి, వేరే చెప్పులు కొనుక్కోవడానికి కూడా మనసొప్పక, ఉత్త కాళ్లతో దొడ్డిదారిన కళాశాలకు వచ్చిపోయేవాడు. గోడచాటు నుంచి చూస్తే, మాస్టారు రోజూ ఆ ఒంటిచెప్పును తుడిచి మళ్లీ అక్కడే పెడుతుండేవారు. అది చూసినప్పుడల్లా భూమి చీలి తనను మింగేస్తే బాగుండునని అతనికి అనిపించేది. నిద్రపోతే కలలోనూ అదే చెప్పు.

అంతలో మాస్టారి పదవీ విరమణ రోజు వచ్చింది. ఇవాళ అడగకపోతే జన్మలో క్షమాపణ అడగలేనని, రెండో చెప్పు చేత పట్టుకుని అతను ఆయన ముందు నిలబడ్డాడు.

"ముందు విసిరింది నేనే మాస్టారూ," అన్నాడు.

మాస్టారు ఆ రెండు చెప్పులనూ పక్కపక్కన పెట్టి, అతని పాదాలకేసి చూశారు.

"ఇన్నాళ్లూ ఉత్త కాళ్లతోనే తిరిగేవేట్రా నాయుడా? ముల్లుగానీ దిగలేదు కదా?"

తవిటినాయుడు అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ జతను మళ్లీ తొడుక్కోలేదు. మరుసటి పోటీకి పొరుగూరివాళ్లు వచ్చినప్పుడు, డప్పు పక్కనపెట్టి, వాకిట కూర్చుని, వాళ్లను బతిమాలి చెప్పులు విడిపించి, గట్టుమీద జతకూర్చాడు. అది చూసి మిగిలినవాళ్లూ తమ చెప్పులు గట్టుమీద విడిచి వచ్చి అతని పక్కన కూర్చున్నారు.

ఆ జత నేటికీ గట్టు కొసన ఉన్నది. పోటీరోజున జట్టు కెప్టెను దానిని తుడిచిన తరువాతే బరిలో దిగుతాడు. గట్టుకు మొక్కితే గెలుపు దక్కుతుందని ఇక్కడ ఎవరూ చెప్పరు. ఓడిన రోజున మాత్రం చేతికి చెప్పు అందదు.