కాజాల పానకాలు, తాళాల మహారాజు

ఒకానొక రాజ్యంలో, పేరు చిత్రవరం అనుకోండి, రణమల్ల భూపతి అనే మహారాజు ఉండేవాడు. మంచివాడే. ప్రజల్ని పీడించేవాడు కాడు, పొరుగు రాజ్యాల మీదికి వెళ్ళేవాడూ కాడు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే, సలహా. ఎదురుపడ్డవాడికల్లా వాడి పని ఎలా చేసుకోవాలో చెప్పనిదే ఆయనకు అన్నం సహించేది కాదు. పాలవాడికి పాలు పితకడం గురించి చెప్పేవాడు. కుమ్మరికి చక్రం తిప్పడం గురించి చెప్పేవాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, అందులోనూ చెప్పేవాడు మహారాజాయె! అందరూ చేతులు కట్టుకుని విని, ఆయన వెళ్ళాక ఎప్పటిలాగే తమ పని తాము చేసుకునేవారు.

ఆయనకు ఇంకో అలవాటు కూడా ఉంది. కోటలో ప్రతి గదికీ తాళం వేయించి, తాళంచెవులన్నీ గుత్తిగా తన మొలకే కట్టుకునేవాడు. ధనాగారం సంగతి సరే, ఊరగాయ జాడీల గది తాళంచెవి కూడా ఆయన నడుముకే. ఆయన నడిచి వస్తుంటే గంటల ఎద్దు వస్తున్నట్టు గలగలమని వినపడేది. వంటవాళ్ళకు గరిటెడు నెయ్యి కావలసివచ్చినా మహారాజే దయచేయాలి. ఎవరి పిచ్చి వారికానందం!

ఇలా ఉండగా రాకుమారి చారుమతికి పెళ్ళి కుదిరింది. ఏం కావాలో కోరుకోమని తండ్రి అడిగితే ఆ పిల్ల నగలు అడగలేదు, పట్టుచీరలు అడగలేదు. “నాన్నగారూ, నా పెళ్ళికి వచ్చినవాళ్ళందరికీ పానకాలు చేసే మడతకాజాలు పెట్టించండి” అంది.

పానకాలు అంటే కోటవీధి మొదట్లో మిఠాయికొట్టు పెట్టుకున్నవాడు. అతని కాజా కొరికితే పైన కరకరలాడేది, లోపలి మడతల్లోంచి పాకం ఊరేది. భార్య నాంచారమ్మ పిండి కలిపేది, ఒత్తేది, మడతలు వేసేది, నేతిలో వేయించేది. పాకం మాత్రం పానకాలే పట్టాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పాకం చుక్కను సాగదీసి, తీగ సాగిందో లేదో చూసి, పొయ్యి మీంచి దించాలి. ఆ పని ఇంకొకరిని తాకనిచ్చేవాడు కాడు. అందుకని ఉన్నది ఒకటే పొయ్యి, ఒకటే మూకుడు. పొద్దెక్కకముందే కాజాలు అయిపోయేవి. ఆలస్యంగా వచ్చినవాళ్ళు వాసన పీల్చుకుని ఇంటికి పోయేవారు.

మహారాజు అతణ్ణి పిలిపించాడు. “పెళ్ళికి ఊరంతా వస్తుంది. అందరికీ కాజాలు చేయాలి.”

“నా వల్ల కాదు ప్రభూ” అన్నాడు పానకాలు చేతులు జోడించి.

“ఎందుక్కాదు? నలుగురు మనుషుల్ని పెట్టుకో. నాలుగు పొయ్యిలు వెలిగించు.”

“పాకం నేనే పట్టాలి ప్రభూ. నాకు రెండు చేతులే ఉన్నాయి.”

మహారాజు కళ్ళు మెరిశాయి. సలహా ఇవ్వడానికి ఇంత గొప్ప అవకాశం ఆయనకు ఈమధ్య దొరకలేదు. “నీకు వ్యాపారం చేతకాదోయ్! రేపటినుంచి నేనే వచ్చి నేర్పుతాను. పెళ్ళికి ముందు నిండుసభలో నిన్ను పరీక్షిస్తాను. అప్పటికీ నేర్చుకోకపోయావో, ఆ కొట్టు చేతనైనవాడికి ఇచ్చేస్తాను” అన్నాడు.

అది పానకాలు తండ్రి కట్టిన కొట్టు. పానకాలు ఇంటికి వెళ్ళి ఆ రోజు ముద్ద ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే మహారాజు గలగలమంటూ కొట్టుకు దయచేశాడు. వెంట ఆస్థానంలో చమత్కారి అని పేరుపడ్డ గొంకన కూడా వచ్చాడు. నిజానికి అతను కాజాల కోసం వచ్చాడు.

“చెప్పు, పాకం ఇంకొకరికి ఎందుకు అప్పగించవు?” అన్నాడు మహారాజు, పీట మీద ఆసీనుడై.

“ఇంకొకరు పడితే చెడగొడతారు ప్రభూ.”

“చెడితే చెడుతుంది! చెడగొట్టకుండా నేర్చుకున్నవాడు లోకంలో లేడు.”

“నేర్పడానికి తీరికేదీ ప్రభూ? వాళ్ళకు చెప్పేలోపు నేనే చేసేయొచ్చు.”

“నేర్పడానికి తీరిక లేదనేవాడికి చచ్చేదాకా తీరిక ఉండదు!”

పానకాలు తల గోక్కున్నాడు. “అందరికీ వచ్చేస్తే, ఇక నన్నెవరు అడుగుతారు ప్రభూ?”

“పిచ్చివాడా! చెట్టు పెరిగితే నాటినవాణ్ణి మరిచిపోతారుటోయ్?”

గొంకన చప్పట్లు కొట్టాడు. “ఆణిముత్యాలు ప్రభూ! ఇవి ఒక్క పానకాలు చెవిన పడితే సరిపోదు. ఊళ్ళో ప్రతి వర్తకుడికీ తెలియాలి. దండోరా వేయిద్దాం.”

మహారాజు ఉబ్బిపోయాడు. ఆ సాయంత్రంనుంచే వీధివీధినా దండోరా మోగింది. పిల్లలు ఆ మాటల్ని పాటలా పాడుకుంటూ గోళీలాడారు. కోటలో నీళ్ళు మోసేవాళ్ళకు కూడా కంఠతా వచ్చేశాయి.

మహారాజు రోజూ వచ్చాడు, రోజూ చెప్పాడు. ఆయన కూర్చున్నంతసేపూ పొయ్యి వెలిగించడానికి వీల్లేదు, పొగ పడదు. బేరగాళ్ళు రాజుగారి గుర్రాన్ని చూసి దూరంనుంచే వెనక్కి తిరిగేవారు. వ్యాపారం పెంచడం ఎలాగో నేర్చుకోవడం మొదలుపెట్టాక పానకాలుకు ఉన్న వ్యాపారం కాస్తా సగమైంది. అటు కోటలో పెళ్ళివంటవాళ్ళు నేతిగది గుమ్మంలో కూర్చుని మహారాజు కోసం ఎదురుచూసి ఎదురుచూసి కునుకులు తీసేవారు. ఎవరి పనీ సాగలేదు గాని పాఠం మాత్రం దివ్యంగా సాగింది.

ఒకనాడు మహారాజు వెళ్ళిపోయాక నాంచారమ్మ గొంకనను ఆపింది. “అయ్యగారూ, మా ఆయన ఆ మాటలన్నిటికీ తలాడిస్తాడండీ. అక్కడితో సరి. పాకం దగ్గరికొచ్చేసరికి మళ్ళీ మామూలే. కొట్టు పోతే ఈయన బతకడండీ” అని కళ్ళొత్తుకుంది.

గొంకన పానకాలు పక్కన చతికిలబడ్డాడు. సలహా ఏమీ ఇవ్వలేదు. కాజా ఒకటి తిని, వేళ్ళు నాక్కుని, “నీకు భయం దేనికి పానకాలూ?” అని మాత్రం అడిగి ఊరుకున్నాడు.

పానకాలు తన వేళ్ళవంక చూసుకున్నాడు. ఆఖరికి, “మా అయ్య పోతూ నాకిచ్చింది ఈ రెండు వేళ్ళే అయ్యగారూ. పాకం ఏదో, నీళ్ళేదో ఈ వేళ్ళకు తెలుసు. ఇదీ ఇచ్చేశాననుకోండి, ఇక నేనెందుకు? మూల కూర్చోబెట్టిన తిరగలిలా పడుంటాను” అన్నాడు.

గొంకనకు మనసు చివుక్కుమంది. ఇది చేతకానితనం కాదని అతనికి అర్థమైంది. ఇలాంటి మనిషికి ఎన్ని నీతులు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

“మీ అయ్య నీకెలా నేర్పాడు?” అని అడిగాడు.

“పాకం నోటితో చెప్పరండీ. ముందు ఆయన వేళ్ళు ముంచాడు, ఆ వెనక నా వేళ్ళు పట్టుకుని ముంచాడు. గురువు ముంచందే శిష్యుడు ముంచకూడదు. మా పనిలో అది ఆచారం.”

గొంకన మొహం వికసించింది. “అయితే సభలో ఈ మాటే చెప్పు. మిగతాది నేను చూసుకుంటాను.”

పరీక్షరోజు సభ కిటకిటలాడింది. తెర వెనక మహారాణి కూడా కూర్చుంది. పానకాలు చేతులు జోడించి నిలబడ్డాడు.

“ఏమోయ్, పాకం కనీసం మీ ఆవిడకైనా అప్పగించావా?” అన్నాడు మహారాజు.

“ఇంకా లేదు ప్రభూ. మా పనిలో గురువు ముందు చేసి చూపాలి. అప్పుడే శిష్యుడు చెయ్యాలి. తమరు నా గురువులు. చూపించండి, ఆ క్షణమే చేస్తాను.”

“ఓస్, అంతేనా!” అని మహారాజు మీసం దువ్వాడు. “ఏం చేసి చూపమన్నా చూపుతాను. ఈ నిండుసభలో మాట ఇస్తున్నాను. ఏదీ, పాకం తెప్పించండి!”

గొంకన ముందుకొచ్చాడు. “పాకం వద్దు ప్రభూ, తమ వేళ్ళు కాలతాయి. చూపవలసింది పాకం పట్టడం కాదు కదా, అప్పగించడం. తమ మొలకున్న ఆ గుత్తి విప్పి, పెళ్ళి అయ్యేదాకా మహారాణిగారి చేతికిస్తే చాలు.”

మహారాజు చెయ్యి చటుక్కున గుత్తి మీదికి పోయింది. “అదెలా కుదురుతుంది? ఆవిడకేం తెలుసు? అంతా తారుమారు చేసి చెడగొడుతుంది!”

గుమ్మం దగ్గర బల్లెం పట్టుకుని నిలబడ్డ భటుడు, రోజూ దండోరా విని విని అలవాటైపోయి, గట్టిగా అనేశాడు: “చెడితే చెడుతుంది! చెడగొట్టకుండా నేర్చుకున్నవాడు లోకంలో లేడు!” అని, ఏమన్నాడో తెలిసివచ్చి నోరు నొక్కుకున్నాడు.

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. మహారాజు ముఖం కందగడ్డ అయింది. “ఏ గది ఏమిటో ఆవిడకు నేర్పడానికి ఇప్పుడు తీరికెక్కడిదయ్యా? పెళ్ళి నెత్తిమీదికి వచ్చింది!”

ఈసారి తెర వెనకనుంచి మెత్తని గొంతు వినిపించింది. “నేర్పడానికి తీరిక లేదనేవాడికి చచ్చేదాకా తీరిక ఉండదట. నిన్ననే దండోరాలో విన్నాను.”

సభ ఘొల్లుమంది. మహారాజుకు ముందు నుయ్యి వెనుక గొయ్యి అయింది. ఇచ్చిన మాట తప్పలేడు, గుత్తి విప్పలేడు. సింహాసనం మీంచి దిగి గొంకన దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, “అది కాదోయ్ గొంకనా” అన్నాడు. “ఈ గుత్తి ఉందనేగా పొద్దున్న లేస్తే అందరూ ప్రభూ ప్రభూ అని నా చుట్టూ తిరుగుతారు. ఇదీ ఇచ్చేస్తే నన్నెవరు పిలుస్తారోయ్?”

ఎంత తగ్గించినా ఆ మాట పక్కనున్న పానకాలుకు వినపడింది. అతని కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. తనలాంటి భయమే ఇంత పెద్ద మహారాజుకూ ఉంటుందని అతను కలలో కూడా అనుకోలేదు.

“చెట్టు పెరిగితే నాటినవాణ్ణి మరిచిపోతారా ప్రభూ?” అన్నాడు మెల్లగా.

మహారాజు అతనివంక చూశాడు. పానకాలు నవ్వలేదు. వెక్కిరించడానికి అన్న మాట కాదది. చూస్తూ చూస్తూ మహారాజు పెదవి వణికింది, మీసం కదిలింది, ఆ వెనక బొజ్జంతా కదిలేట్టు నవ్వు వచ్చింది. నవ్వుతూనే గుత్తి విప్పాడు. విప్పాడే గాని పిడికిలి ఒకపట్టాన తెరుచుకోలేదు. గొంకన ఆయన మణికట్టు ఆప్యాయంగా పట్టుకుని తెర దాకా నడిపించాడు. మహారాణి చెయ్యి చాపింది. గుత్తి చెయ్యి మారింది.

“ఇక నీ వంతు” అన్నాడు మహారాజు పానకాలుతో.

గొంకన కూడా పానకాలు వెంట కొట్టుకు వెళ్ళాడు. పానకాలు తన వేళ్ళు ముంచి, నాంచారమ్మ వేళ్ళు పట్టుకుని ముంచి, ఇవతలికొచ్చి నిలబడ్డాడు. మొదటి మూకుడు ముదురుపాకమై గడ్డకట్టింది. పానకాలు అయ్యో అని ఒక్క గెంతు గెంతబోతే గొంకన అతని రెండు చేతులూ వెనకనుంచి పట్టుకున్నాడు. “ఆగు, ఆమెను చూసుకోనీ.” రెండో మూకుడుకు తీగ సన్నగా, నిలకడగా సాగింది.

“ఇంత త్వరగా ఎలా పట్టుకున్నావే?” అన్నాడు పానకాలు నోరు తెరిచి.

“కాపరానికొచ్చిన కాణ్ణించీ పక్కనే ఉండి చూస్తన్నానయ్యా. ఒక్కసారన్నా పట్టమన్నావా?” అంది నాంచారమ్మ.

అటు మహారాణి నేతిగది తాళం తీసింది. ఇటు నాంచారమ్మ తన ఇద్దరు తోడికోడళ్ళకు వేళ్ళు పట్టుకుని నేర్పింది. కొట్టు వెనక పెరటినిండా పొయ్యిలు వెలిగాయి. కాజాలు బండ్లకెక్కి కోటకు చేరాయి.

పెళ్ళిరోజున ముహూర్తానికి ముందు ఇద్దరు మనుషులు ఏ పనీ లేక పందిట్లో ఓ పక్కన కూర్చున్నారు. ఒకరు మహారాజు, రెండోవాడు పానకాలు.

“నిన్నెవరైనా పిలిచారుటోయ్?” అన్నాడు మహారాజు దిగులుగా.

“లేదు ప్రభూ. మరి తమర్ని?”

“నన్నూ లేదు.”

అంతలో చారుమతి తాను కూర్చోవలసిన పెళ్ళిబుట్ట సంగతే మరిచి, బుగ్గచుక్కతో గబగబా వచ్చింది. “నాన్నగారూ, ఇక్కడున్నారా! కన్యాదానం మీరు కాక ఎవరు చేస్తారు? మీ కోసం వెతకని చోటు లేదు!” అని తండ్రి చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. తాళాల చప్పుడు లేకపోయేసరికి ఆయన ఎక్కడున్నాడో పాపం ఎవరికీ తెలియలేదు. పెళ్ళిపీటల మీద మహారాజు కూతురి చేతిని అల్లుడి చేతిలో పెట్టి, పంచెకొంగుతో కళ్ళు తుడుచుకున్నాడు.

భోజనాల వేళ పానకాలును తన పక్క విస్తరి ముందే కూర్చోబెట్టుకున్నాడు. నాంచారమ్మ స్వయంగా వడ్డిస్తూ వచ్చి పానకాలు ఆకులో కాజా వేసింది. తండ్రి పోయాక ఇంకొకరు పాకం పట్టిన కాజా అతను తినలేదు. కొరికాడు. నమిలాడు. నాంచారమ్మ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడింది. పక్కన మహారాజు కూడా ఊపిరి బిగబట్టాడు.

“ఏమయ్యా, ఎలా ఉంది?” అంది ఆమె, ఇక ఉండబట్టలేక.

పానకాలు తల ఎత్తలేదు. “ఇంకోటి వెయ్యి” అన్నాడు.

మహారాజు పకపకా నవ్వాడు. “కొట్టు నీదేనోయ్ పానకాలూ! ఇక కోటలో ఏ శుభకార్యానికైనా మీ కాజాలే” అని ప్రకటించాడు. తన మెడలోని ముత్యాలహారం తీసి గొంకన మెడలో వేశాడు.

గొంకన హారాన్ని తడిమి చూసుకుని, “ప్రభూ, మహారాణిగారిని అడిగారా?” అన్నాడు.

“తాళాలిచ్చాను గాని మెడ ఇంకా నాదేనోయ్!” అన్నాడు మహారాజు, పందిరంతా దద్దరిల్లేలా నవ్వుతూ.