వెనక్కొచ్చే బండెక్కిన మేడిశెట్టివారు

మేడిశెట్టివారింట్లో తెలివి పట్టక అటక మీద కూడా సర్దారని ప్రతీతి. ప్రతీతి అంటే ఊళ్ళోవాళ్ళు అనుకునేది కాదు, వాళ్ళు అనుకునేది. ఇంటిపెద్ద పేర్రాజు పొద్దున్నే అద్దంలో చూసుకుని, "ఇంత తెలివి ఒక్క తలకాయలో ఎలా ఇమిడిందో!" అని తనకి తానే దిష్టి తీసుకునేవాడు. ఆయన భార్య సూరమ్మ కూడా తక్కువదేం కాదు. పాలు పొంగేదాకా చూడమని పేర్రాజు మేనత్త తలుపులమ్మ ఒకసారి చెబితే పొంగేదాకా చూసింది, పొంగి పొయ్యి ఆరిపోయేదాకా కూడా చూసింది. చూడ్డం ఎప్పుడు ఆపాలో ఎవరూ చెప్పలేదు మరి. తలుపులమ్మ కోప్పడలేదు. "చెప్పిన మాట జవదాటని పిల్ల" అని ముద్దు పెట్టుకుంది.

ఇంత తెలివి ఉండి కూడా ఆ ఇంటికి ఒకటే దిగులు. పేర్రాజు తమ్ముడు బుల్లియ్యకి పెళ్ళి కావడం లేదు. అమ్మానాన్నా పోయాక తమ్ముణ్ణి భుజాన ఎత్తుకుని పెంచాడు పేర్రాజు. వాడి నెత్తిన జుట్టు పలచబడుతుంటే ఈయనకి అన్నం సహించేది కాదు. సంబంధాలు రాక కాదు. బయల్దేరిన ప్రతిసారీ ఏదో ఒకటి మర్చిపోయి సగం దారిలో వెనక్కొచ్చేవాళ్ళు. ఒకసారైతే పెళ్ళికొడుకునే మర్చిపోయి వెళ్ళారు.

శుభకార్యానికి బయల్దేరి మధ్యలో వెనక్కి తిరిగితే అపశకునం కదా. కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని, అప్పుడు మళ్ళీ బయల్దేరాలి. వీళ్ళూ అలాగే కూర్చునేవాళ్ళు. ఆ కాసేపు అయిపోయిందని ఎవరు చెప్పాలో తేలేది కాదు. పొద్దు వాలేదాకా కూర్చునేవాళ్ళు. అంతే, సంబంధం కాస్తా చెయ్యిజారిపోయేది.

"ఈసారి ప్రాణం పోయినా వెనక్కి తిరిగేది లేదు. తిరిగామా, మా బుల్లియ్యకి ఈ జన్మకి పెళ్ళి లేనట్టే!" అని పేర్రాజు ఇంటిల్లిపాది చేతా దేవుడి ముందు ఒట్టు వేయించాడు.

ఈసారి వచ్చిన సంబంధం కడియం వైపుది. పిల్ల తండ్రి కొండబాబు ఒక పెద్ద ఆటల పార్కులో రోలర్ కోస్టర్లు నడిపించే మేస్త్రీ. పిల్ల మంగతాయారు అక్కడే గాజు గదిలో కూర్చుని బండెక్కినవాళ్ళకి మైకులో జాగ్రత్తలు చెబుతుంది. ఆదివారం జనం ఎక్కువ, సెలవు దొరకదు. అందుకని తాంబూలాలు పార్కులోనే పుచ్చుకుందామని కబురుపెట్టారు. మేడిశెట్టివారు నలుగురూ ఏమీ మర్చిపోకుండా, దారిలో ఎక్కడా తల కూడా తిప్పకుండా, తిన్నగా వచ్చి వాలారు. పేర్రాజుకి గాల్లో తేలుతున్నట్టుంది. సగం పెళ్ళి అయిపోయినట్టే అనుకున్నాడు.

కొండబాబు చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. "రండి బావగారూ, రండి. ఇయ్యాల జనం ఇరగదీసేత్తన్నారండి. పంతులుగారు వచ్చేలోపు ఓసారి ఆ బండెక్కి సరదాగా తిరిగి రండి. పన్నెండు దాటితే వర్జ్యమంట, ఈలోపే కానిచ్చేద్దాం."

పిల్ల తండ్రి మొదటి మాట కాదంటే బాగుంటుందా? అందరూ బండెక్కారు. సామాన్లు ఒళ్ళో పెట్టుకోకూడదన్నాడు అక్కడి కుర్రాడు. తలుపులమ్మ తాంబూలం పళ్ళెం, అరటిపళ్ళు, పెళ్ళికూతురి చీర అన్నీ కలిపి మూటగట్టి పమిట కింద నడుముకి బిగించుకుంది. "ఒళ్ళో వద్దన్నాడు గానీ నడుముకి వద్దన్లేదు" అంది. మేడిశెట్టివారి తెలివంటే అదీ.

గాజు గదిలోంచి మంగతాయారు గొంతు వినబడింది. "కడ్డీ కిందికి లాక్కోండి. బండి కదలగానే చేతులు పైకెత్తండి, గట్టిగా అరవండి. బండి ఆగాక దిగండి. మీ సామాన్లు మర్చిపోకండి."

బుల్లియ్య ఆ గొంతు విని కరిగిపోయాడు. బండి కదిలీ కదలగానే రెండు చేతులూ నిలువుగా పైకెత్తాడు.

రయ్యిమని ఎవరో వెనకనించి తన్నినట్టు బండి దూసుకుపోయింది. ఎదురుగా గోడలా నిలబడ్డ ఏటవాలు. బండి దాని మీదికి ఎగబాకింది, ఎగబాకి ఎగబాకి ఆయాసపడింది, ఇక నావల్ల కాదన్నట్టు ఆగింది. ఇంకేముంది, వచ్చిన దారినే జర్రున వెనక్కి జారి, ఎక్కిన చోటే నిలబడింది.

జనం చప్పట్లు కొట్టారు. పేర్రాజు మొహంలో మాత్రం నెత్తురుచుక్క లేదు.

"సూరమ్మా, వెనక్కొచ్చేశామే!"

"ఒట్టేసి మరీ వచ్చేశామండీ!" అని సూరమ్మ గొల్లుమంది.

అంతే. నలుగురూ పరుగున కుళాయి దగ్గరికెళ్ళి కాళ్ళు కడుక్కున్నారు, మంచినీళ్ళు తాగారు, బెంచీ మీద కూర్చున్నారు. ఈసారి పేర్రాజు తెలివిగా, "కాసేపు అయింది" అని తానే ప్రకటించాడు. లేచి, మళ్ళీ అదే బండెక్కారు. బండి మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వెనక్కొచ్చింది. మళ్ళీ కుళాయి.

కొండబాబుకి అర్థం కాలేదు. "ఏటి బావగారూ, కళ్ళు తిరుగుతున్నాయా?"

"బండికి దారి తెలీదండి. సగం దూరం ఎల్లి వచ్చేత్తంది. నడిపేవోణ్ణి మార్చండి" అన్నాడు పేర్రాజు దీనంగా.

కొండబాబు నవ్వాడు. "ఆయ్, అది అంతేనండి. దీన్ని షటిల్ బండంటారు. మామూలు కోస్టరైతే చుట్టూ తిరిగొత్తాది. ఇది ఎల్లిన దారినే వెనక్కొత్తాది. బట్ట నేసే మగ్గంలో నాడె చూళ్ళేదా, ఇటూ అటూ ఆడుతుంటాది? అలాగే ఇదీను."

తలుపులమ్మ పట్టాల కిందికి వంగి అటూ ఇటూ వెతికింది. "మరి ఇంతసేపు ఆడింది గదా బాబూ, నేసిన బట్టేదీ?"

పిల్లాడి మేనత్త, కాస్త పెద్దావిడ, పోనీలే అనుకున్నాడు కొండబాబు. "వెనక్కి రావడం మీకు పట్టింపైతే ఆ పక్కన ఉయ్యాల బండి ఉందండి. రెండేపులా కొండే. దానికి ముందనీ వెనకనీ లేదు" అన్నాడు. పాపం, మంచికే అన్నాడు.

పేర్రాజుకి ప్రాణం లేచొచ్చింది. బండెక్కి అందరికీ ఉపాయం చెప్పాడు. "ఇటు వెళ్ళేటప్పుడు ఇటు చూడండి. అటు వెళ్ళేటప్పుడు టక్కున మెడ తిప్పి అటు చూడండి. అప్పుడు ఎటెళ్ళినా ముందుకెళ్ళినట్టే!" బండి ఉయ్యాలలా అటూ ఇటూ ఊగుతుంటే ముగ్గురూ మెడలు అటూ ఇటూ తిప్పడం మొదలెట్టారు. బండి వేగం పెరిగింది, మెడల వేగమూ పెరిగింది. దిగేసరికి పేర్రాజు మెడ ఎడమ భుజం మీద పట్టేసి ఉండిపోయింది. బుల్లియ్య మెడ ఒక్కటే బాగుంది. వాడు రెండు చేతులూ పైకెత్తి, గాజు గది వైపే చూస్తూ కూర్చున్నాడు.

అంత కష్టపడ్డా బండి చివరికి ఎక్కిన చోటే ఆగింది. మళ్ళీ కుళాయి, మళ్ళీ బెంచీ.

ఈలోపు పంతులుగారు రానేవచ్చారు. గడియారం చూసుకుని, "త్వరగా కానివ్వండి, వర్జ్యం తరుముకొస్తోంది" అన్నారు.

"ఈ అపశకునంతో తాంబూలం ఇస్తే మావోడి బతుకేం కాను పంతులుగారూ?" అన్నాడు పేర్రాజు. నిజంగానే ఏడుపొచ్చిందాయనకి. కళ్ళు తుడుచుకుంటూ ఎడమవైపు చూశాడు, ఇక చూడగలిగింది అటే గనక. అటు మూడో బండి కనిపించింది. అది కదులుతూనే వెనక్కి వెళ్తోంది! గొలుసు పట్టుకుని దాన్ని వెనక ఏటవాలు మీదికి ఈడ్చుకుపోతోంది.

"దొరికింది! ఇది ముందే వెనక్కెళ్ళిపోద్ది. ఆ తర్వాత ముందుకొత్తే లెక్క సరిపోయినట్టేగా!"

కొండబాబు వద్దంటూనే ఉన్నాడు. ఎక్కేశారు.

బండి వెనక్కి పైకంటా వెళ్ళింది. అక్కణ్ణించి వదిలేసింది. ఇంకేముంది, ఎక్కిన చోటుని దాటి, రెండు మెలికల్లో తలకిందులై, ఎదురుగా ఉన్న రెండో ఏటవాలు ఎక్కి, ఆ కొసన గొలుసు పట్టుకోగానే ఠక్కున ఆగింది.

"ఆగింది!" అన్నాడు బుల్లియ్య. "ఆగాక దిగమంది గదా ఆ అమ్మాయి!"

"ఊరొచ్చేసింది, దిగండి, దిగండి!" అని పేర్రాజు కడ్డీని ఎత్తబోయాడు. కడ్డీ ఊడలేదు. దారీ తెన్నూ లేని ఆకాశంలో నలుగురూ కాళ్ళు కొట్టుకున్నారు. "మనం దిగలేకపోతే మానె, సామాన్లైనా దించండి!" అన్నాడు పేర్రాజు. తలుపులమ్మ నడుముకున్న మూట విప్పి కిందికి విసిరేసింది.

పార్కులో అరటిపళ్ళ వాన కురిసింది. తమలపాకులు పంతులుగారి మీద అక్షింతల్లా రాలాయి. ఇత్తడి పళ్ళెం గిరగిరా తిరుగుతూ కొండబాబు నెత్తి మీదికే వస్తుంటే ఆయన తల కాపాడుకోవడానికి రెండు చేతులూ చాపి పట్టేసుకున్నాడు. చీర మడతలు విచ్చుకుని, గాల్లో తేలుతూ వెళ్ళి గాజు గది కప్పు మీద పరుచుకుంది.

పైనించి తలుపులమ్మ ఆనందం పట్టలేకపోయింది. "ఒరేయ్ పేర్రాజూ, అదిగో చీర! బండి నేసేసిందిరా!"

కింద పంతులుగారు చటుక్కున గడియారం చూశారు. "వర్జ్యానికి ముందే పళ్ళెం ఆడపిల్ల తండ్రి చేతికి అందింది. ఇక తాంబూలం పుచ్చుకున్నట్టే. శుభం!"

శుభమే. కానీ బండి ఊరుకుంటుందా? మెలికలన్నీ వెనక్కి తిరుగుతూ వచ్చి ఎక్కిన చోట ఆగింది. పేర్రాజు దిగీ దిగగానే కొండబాబు చేతిలో పళ్ళెం పట్టుకుని లాగాడు. "ఇటిచ్చెయ్యండి బావగారూ! మేం వెనక్కొచ్చేశాం. మేం వెనక్కొత్తే మేమిచ్చిందీ వెనక్కి రావాలి గదా! కాళ్ళు కడుక్కొచ్చి మళ్ళీ ఇత్తాం!"

అంతే, కొండబాబు ఓపిక కాస్తా తెగిపోయింది. "తీసుకుపోండి మీ పళ్ళెం! పిల్లనిచ్చేది మనుషులకా, ఇలాంటి తింగరోళ్ళకా? ఈ సంబంధం నాకొద్దు!"

పేర్రాజు పళ్ళెం వదిలేశాడు. తను భయపడ్డంతా అయింది. తమ్ముడి వైపు తిరగాలనుకుంటే మెడ కూడా తిరగలేదు.

అప్పుడు మైకు గరగరమంది. "బుల్లియ్యగారూ, చేతులు దించండి."

బుల్లియ్య చేతులు దించాడు. జనం అప్పుడు చూశారు. మొదటి బండెక్కినప్పుడు ఎత్తిన చేతులు అతను అప్పటిదాకా దించనేలేదు. కాళ్ళు కడుక్కునేటప్పుడు వదిన కడిగింది, నీళ్ళు తాగేటప్పుడు వదినే నోట్లో పోసింది.

"ఇంతసేపూ ఎందుకెత్తుకుని ఉన్నారు?"

"దించమని మీరు అన్లేదు గదండి" అన్నాడు బుల్లియ్య.

గాజు గదిలో కూర్చుని మంగతాయారు రోజంతా గొంతు చించుకుంటుంది. కూర్చోమంటే జనం లేస్తారు, ఆగమంటే తోసుకుంటారు. తన మాట విన్నవాణ్ణి ఆ పిల్ల ఇదే మొదటిసారి చూడ్డం.

"నాన్నా, పళ్ళెం వదలకు. నాకు ఈయనే కావాలి" అంది. సిగ్గుపడి మెల్లగానే అంది గానీ, మైకు కట్టేయడం మర్చిపోయింది. పార్కంతా వింది.

కూతురి మాటకి కొండబాబు మెత్తబడ్డాడు. పెళ్ళి మేడిశెట్టివారింట్లోనే అనుకున్నారు. తాంబూలం ఖాయమైంది. పేర్రాజు తమ్ముణ్ణి కావిలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇక్కడితో అయిపోతే బాగుండు. "మరి ఇంటికి బయల్దేరతారా?" అని కొండబాబు అడగనే అడిగాడు.

పేర్రాజు ఉలిక్కిపడ్డాడు. "ఇంటికా? శుభకార్యానికొచ్చి ఇంటికెళ్తే వెనక్కి తిరిగినట్టు కాదండీ?"

ఇంకేముంది, నలుగురూ కొండబాబు ఇంట్లోనే చాపలు పరుచుకున్నారు. ఇడ్లీలు పెడితే ఇడ్లీలు తిన్నారు, పెసరట్టు పెడితే పెసరట్టు తిన్నారు. పెళ్ళి దగ్గరపడుతోంది, పెళ్ళివారిల్లు తాళం వేసి ఉంది. కొండబాబు నెత్తి పట్టుకుంటే మంగతాయారే దారి చూపింది. "బావగారూ, మీరు ఇంటికి వెళ్ళడం లేదు. పెళ్ళివారింటికి పెళ్ళికి వెళ్తున్నారు. అది ముందుకేగా?"

"ముందుకే!" అని ఎగిరి గంతేశాడు పేర్రాజు. నలుగురూ కొత్తబట్టలు కట్టుకుని బయల్దేరిపోయారు. కొండబాబు తలుపేసుకుని హాయిగా మంచం మీద వాలాడు.

పొద్దు తిరక్కముందే తలుపు దబదబా చప్పుడైంది. తీసి చూస్తే నలుగురూ గుమ్మంలో నిలబడి ఉన్నారు. పేర్రాజు కోపంతో ఊగిపోతున్నాడు.

"ఆ పెళ్ళివారింట్లో మర్యాదన్నది లేదండీ! పెళ్ళికని అంతదూరం ఎల్లామా, ఎదురొచ్చి రండి అన్నోడు లేడు. కాళ్ళకి నీళ్ళిచ్చినోడు లేడు. తలుపు కొట్టి కొట్టి చేతులు పడిపోయాయి, లోపల్నించి ఒక్కడు పలికితే ఒట్టు! మీ మేలు కోరి చెబుతున్నాను బావగారూ, అమ్మాయిని ఆ ఇంటికి ఇవ్వకండి!"

కొండబాబు నూతి దగ్గరికెళ్ళి కాళ్ళు కడుక్కున్నాడు, మంచినీళ్ళు తాగాడు, అరుగు మీద కూర్చున్నాడు.

మంగతాయారు లోపల్నించి వచ్చి, బుల్లియ్యని ఓసారి చూసి, "పోనీలే నాన్నా, ఆ ఇంటికొద్దు. నన్ను వీళ్ళింటికే ఇచ్చెయ్" అంది.

పేర్రాజు కోపం ఎగిరిపోయింది. ఇంకా పట్టేసే ఉన్న మెడతో పక్కకి ఒరిగి కొండబాబు చెవిలో గర్వంగా అన్నాడు. "చూశారా బావగారూ, క్షణంలో ఎంత మంచి సంబంధం చూసుకుందో! మా ఇంటికి తగ్గ తెలివండీ."