ముంచని కుండ

విరూపాక్షయ్య గారిని ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన జవాబు చెప్పరు. చేతికి ఒక పని అప్పజెబుతారు. ఉత్తరాన మంచుకొండల కింద, ఒక ఏటి ఒడ్డున ఉంది వారి ఆశ్రమం. కొండెక్కే యాత్రికులకు నీళ్లిచ్చే కుండలు, ముంతలు అక్కడే చేసి అక్కడే కాలుస్తారు.

ఒకనాడు పైడితల్లి అనే శిష్యురాలు ఆయన ముందు కూర్చుని అడిగింది.

"అయ్యా, లోపలున్న కోపం కాలిపోయిందో లేదో ఎలా తెలుస్తాది?"

ఆమె భీమిలి వైపు సముద్రపు ఒడ్డు మనిషి. తల్లి పోయినప్పుడు తమ్ముడు సింహాద్రి ఆమెకు కబురు పెట్టలేదు. ఆమెకు తెలిసేసరికి దినాలు కూడా అయిపోయాయి. ఆ తరువాతే ఆమె ఇల్లు విడిచి ఇంత దూరం వచ్చేసింది. జపాలు చేసింది, ఉపవాసాలుంది, ఏళ్లు గడిపింది. ఇప్పుడా తమ్ముడు యాత్రకు వస్తూ అక్కను చూసి పోతానని తెలిసినవాళ్లతో చెప్పి పంపాడు. ఆమెకు వాడు తప్ప తోబుట్టువు లేదు.

"వాడి ముందు నోరు జారేనంటే మళ్లీ ఈ గుమ్మం తొక్కడయ్యా. అదే నా భయం."

"గట్టు మీది బూడిదరంగు మట్టి తీసుకురా తల్లీ. మీ తమ్ముడికి నీళ్లిచ్చే కుండ నువ్వే చెయ్యి," అన్నారాయన.

ఆ మట్టి ఏరు తెచ్చింది కాదు. ఒకప్పుడు ఆ లోయ నిండా మంచే ఉండేదట. ఆ మంచు కూడా ఏరులాగే, కాకపోతే బహు నిదానంగా, కిందికి జారేదట. దారిలో ఎప్పటిదో సముద్రపు అడుగు నేలను గీరుకుని, నలుపుకుని, ఈడ్చుకొచ్చి, తాను కరిగిపోతూ ఇక్కడ వదిలేసింది. అందుకే ఆ మట్టి పిసుకుతుంటే వేళ్లకు గవ్వముక్కలు తగులుతాయి. పైడితల్లి చూసి నవ్వింది. "ఏటయ్యా ఇది, సముద్రం నాకన్నా ముందే వచ్చేసి కూకుందే!"

కంటికి కనిపించిన గవ్వలన్నీ ఏరింది. ఎండబెట్టి, దంచి, రవ్వ జల్లెడలో జల్లించింది. "ఇంక ఒక్కటీ లేదయ్యా," అంది. ఆయన తన చదువుకునే భూతద్దం ఇచ్చి, చిటికెడు మట్టి దాని కింద పెట్టమన్నారు. గసగసాలంతవి, అంతకన్నా చిన్నవి, చుట్టలు తిరిగినవి, చిల్లులున్నవి, ఎన్నో గుల్లలు. అక్కడక్కడ జొన్న నూకంత ముక్కలూ ఉన్నాయి. ఆమె అద్దం తిరిగి ఇచ్చేసింది. "ఇంత చిన్నవి ఏం చేస్తాయిలెండి. నిప్పులో పోతాయి."

ఆశ్రమంలో ఒక పద్ధతి ఉంది. కుండలు కాల్చిన ఆవం విప్పాక, కుండలు చెయ్యి పట్టే వేడికి రాగానే అన్నిటినీ ఏట్లో ముంచి, ఒక రాత్రంతా ఉంచుతారు. పైడితల్లి తన కుండను మాత్రం ముంచలేదు. ఆవంలోంచి వచ్చిన ఆ ఎర్రటి నిగనిగ నీళ్లలో పోతుందని, తమ్ముడు కొత్త కుండను కొత్తదిగానే చూడాలని, పమిట చాటున తీసుకుపోయి గూట్లో పెట్టుకుంది. గురువుగారు చూశారు. మిగతా కుండలను ఏట్లోకి మోయించారు.

సింహాద్రి వచ్చేసరికి ముసురు పట్టి ఉంది. ఆమె ఆ కుండలోనే నీళ్లు నింపి, ముంత ముంచి ఇచ్చింది. అతను తాగి కుండ వైపు చూశాడు.

"నువ్వే చేసేవేటి అప్పా? మూతి కాస్త వంకరగుంది."

"నీదానికన్నా నయంలేరా."

ఇద్దరూ నవ్వారు. అతనికి ధైర్యం వచ్చింది. "కబురు పెట్టలేదని నీకు..." అని మొదలుపెట్టాడు.

"అదంతా అయిపోయిందిరా. మనసులో ఏమీ లేదు," అంది ఆమె, మెత్తగానే.

అప్పుడు కుండ మీద టప్పుమని ఒక పెచ్చు ఎగిరి అతని కాలి దగ్గర పడింది. కాసేపటికి ఇంకొకటి.

"నువ్వు తిట్టకపోయినా నీ కుండ తిడతందే అప్పా," అన్నాడు నవ్వబోతూ. తరువాత తల వంచుకుని, "అమ్మ ఆఖర్న నిన్నే అడిగింది," అన్నాడు.

"అడిగితే నాకెందుకు చెప్పలేదురా!"

ఆ గొంతు వాకిలంతా వినబడింది. మట్టి తొక్కుతున్నవాళ్లు ఆగిపోయారు. ఆ మాట వెనక ఇంకా ఎన్నో మాటలు వచ్చాయి, ఇన్నేళ్లూ ఆమె లేవనుకున్నవి. సింహాద్రి లేచాడు. సంచి భుజాన వేసుకుని ఏటి వైపు నడిచాడు.

విరూపాక్షయ్య గారు వచ్చి, రాలిన పెచ్చును ఆమె చేతిలో పెట్టారు. పెచ్చు లేచిన ప్రతి గుంటలోనూ తెల్లటి చుక్క ఉంది. ఆమె గోటితో గీకితే పొడి రాలింది. ఆ పొడి ఆమె ఎరిగినదే. ఊళ్లో తల్లి గవ్వలు కాల్చిన గుల్లసున్నం తొట్టిలో వేసి, నీళ్లు పోస్తూ, "ఎడంగా ఉండవే, చిమ్ముతుంది" అని కసిరేది.

"కాలిస్తే పోతాయనుకున్నానయ్యా," అంది.

"పిండైనవి మట్టిలో కలిసిపోయాయి. ముక్కగా మిగిలినవి సున్నమై కూర్చున్నాయి, నీటి చెమ్మ కోసం. ఒక్కసారిగా నిండా తడిస్తే ఉన్నచోటే మెత్తబడి అణుగుతాయి, కొంచెం కొంచెం చెమ్మ తగిలితే ఉబ్బి పెచ్చు లేపుతాయి."

"ఇంత జపం చేసేను. ఇంక నాను ఎందుకూ పనికిరాను."

ఆయన కుండ చుట్టూ తిప్పి చూశారు. ఇంకా పగలని చోటే ఎక్కువ ఉంది. కింద ఏటి దగ్గర సింహాద్రి వంతెన దాటలేదు. సంచి పక్కన పెట్టి, ఇటు వీపు తిప్పి, రాతి మీద కూర్చుని ఉన్నాడు.

విరూపాక్షయ్య గారు కుండను ఆమె చంకకెత్తారు.

"కాలడం బాగానే కాలింది తల్లీ. ముంచడమే మానేశావు. తీసుకుపో, నీళ్లలో బరువుగా ఉంటుంది. మీ తమ్ముణ్ణి కూడా ఒక చెయ్యి వెయ్యమను."