శాస్త్రిగారి దవడ అరువు

తరంగభూపతికి ఏ పూట ఏ పిచ్చి పుడుతుందో ఆయనకే తెలీదు. ఆ పొద్దున సముద్రం మీద షికారుకెళ్ళాడు. బెస్తవాళ్ళు తెడ్డుతో పడవ అంచు మీద టకటక కొట్టగానే, ఎక్కడెక్కడి డాల్ఫిన్లూ బిలబిలా వచ్చేశాయి.

"వాటికి చెవితమ్మె కూడా లేదే! ఎలా విన్నాయి?" అని కొలువులో అడిగాడు.

ఆస్థాన గాయకుడు శ్రీకంఠశాస్త్రి లేచాడు. తనకు తెలియనిది లోకంలో లేదని ఆయన నమ్మకం.

"అవి చెవిటివి మహాప్రభూ. ఊరికే ఆడుకోడానికి వచ్చుంటాయి."

"చెవిటివి కావు ప్రభూ," అన్నాడు విదూషకుడు గవిరయ్య. "కింది దవడతో వింటాయి. నీళ్ళలో చప్పుడు ఆ దవడ కొవ్వులోంచి నేరుగా లోపలి చెవికి పోతుంది."

శాస్త్రి పొట్ట పట్టుకుని నవ్వాడు. తన పాటకు గవిరయ్య ఆవలించిన నాటి నుంచీ ఆయనకు కడుపుమంట.

"దవడతో తింటారుగానీ వింటారట్రా? ప్రభూ, వీడు రుజువు చెయ్యకపోతే కొలువులోంచి వెళ్ళగొట్టండి."

"సరే," అన్నాడు రాజు.

గవిరయ్యకు ఇంటినిండా పిల్లలు, చేతిలో ఇంకో విద్య లేదు. అయినా నోరు ఊరుకోలేదు.

"డాల్ఫిన్‌ని సభకు తేలేను ప్రభూ. ఎవరైనా పెద్దమనిషి దవడ అరువిస్తే చాలు."

"నాదే తీసుకో!" అన్నాడు శాస్త్రి. వినపడినా వినపడలేదంటే సరిపోతుందని ఆయన ఎత్తు.

ఆయన చెవుల్లో మైనం కూరారు. కళ్ళకు గంతలు కట్టారు. గవిరయ్య వీణ ముందేసుకుని కూర్చున్నాడు. వీణ ముట్టుకోవడం అతనికి అదే మొదలు.

మీటాడు. సభంతా చెవులు మూసుకుంది. మంత్రిగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. శాస్త్రి మాత్రం పెళ్ళికొడుకులా నవ్వుతూ కూర్చున్నాడు.

"మైనం బాగా పట్టింది," అన్నాడు గవిరయ్య. పొడుగాటి కర్ర తెప్పించి ఒక కొస వీణ కుండకు ఆనించాడు. రెండో కొస శాస్త్రి పళ్ళ మధ్య పెట్టి, గట్టిగా కరవమని దవడ తట్టాడు. మళ్ళీ మీటాడు.

శాస్త్రి నొసలు ముడిపడింది. మీసం అదిరింది. గవిరయ్య ఇంకో తీగ గోకాడు. అపస్వరం పలికితే కన్నకొడుకునైనా తిట్టే మనిషి, ఎంతసేపని ఓర్చుకుంటాడు? కర్ర ఉమ్మేసి గావుకేక పెట్టాడు.

"ఆపరా దరిద్రుడా! ఆ గాంధారాన్ని గొంతు పిసికి చంపుతున్నావు!"

సభ గొల్లుమంది. ఏమైందో తెలియక శాస్త్రి మైనం పీక్కున్నాడు. ముందు వినపడింది రాజుగారి నవ్వే.

"చెవులు మూసుకుని కూర్చుంటే, గాంధారం చచ్చిన కబురు నీకెవరు చెప్పారు శాస్త్రీ?"

రాజు మెళ్ళో ముత్యాలహారం తీసి గవిరయ్యకు వేశాడు.

"దవడకు చెవి ఉందని నీకెలా తెలుసురా?"

"చిన్నప్పుడు మా అమ్మ ఏ బుద్ధి చెప్పినా ముందు చెవికే చెప్పేది ప్రభూ. అక్కడ ఎక్కకపోతే దవడకు చెప్పేది. ఒక్కసారి చెబితే చాలు, ఎక్కేది!"

ఈసారి శాస్త్రి కూడా నవ్వాడు, దవడ తడుముకుంటూ.