పెద్దోళ్ళు రారు

దాలినాయుడు మాస్టారికి ఒక అలవాటు ఉండేది. అడిగిన ప్రశ్న చిన్నదైతే అక్కడికక్కడే జవాబు చెప్పేవారు. పెద్దదైతే మాట్లాడకుండా చెప్పులు వేసుకునేవారు. మానవశాస్త్రం చదివే పిల్లలకు ఆ చెప్పులంటే హడల్. ఎండలో ఎంత దూరం నడిపిస్తారో ఆయనకు తప్ప ఎవరికీ తెలిసేది కాదు.

ఎమ్మే చివరి సంవత్సరంలో ఉన్న సత్యవేణి ఒక ఉదయం ఆయన గది గుమ్మంలో నిలబడి, "ఈ చదువు చదివినవాళ్ళు చివరికి ఏమవుతారు సార్?" అని అడిగింది.

ఊసుపోక అడిగిన ప్రశ్న కాదది. బొబ్బిలిలో ఆమె తండ్రికి పంక్చర్ల షాపు ఉంది. "మనుషుల గురించి చదవడానికి కాలేజీ ఎందుకే, రోజూ వాళ్ళతోనే కదా చస్తున్నాం" అని ఆయన ఎకసెక్కాలాడినా, ఫీజు మాత్రం కడుతూనే వచ్చాడు. ఆమెకు ముందు చదివినవాళ్ళలో ఒకరు మ్యూజియంలో పాత కుండలకు చీటీలు అతికిస్తున్నారు. మరొకరు ఆరోగ్య సర్వేలంటూ ఊళ్ళు తిరుగుతున్నారు. ఇంకొకరు విసిగిపోయి బ్యాంకు పరీక్ష రాసుకున్నారు. ఇన్నాళ్ళకు ఆమెకు ఒక మంచి కబురు వచ్చింది. ఇదే విభాగంలో కొన్నేళ్ళ కిందట చదివిన త్రినాథ్ హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు. ప్రాజెక్టులు కట్టే కంపెనీలకు, ఊళ్ళవాళ్ళతో ఎలా మాట్లాడాలో సలహాలిచ్చే సంస్థ అతనిది. వచ్చి చేరమన్నాడు. సాయంత్రంలోగా ఏదో ఒక మాట చెప్పమన్నాడు. ఇంట్లో అప్పుడే స్వీట్లు పంచేశారు. ఇక మాస్టారు "చేరు" అనడమే తరువాయి.

"త్రినాథా?" అన్నారు మాస్టారు. వంగి చెప్పులు వేసుకున్నారు.

బస్సు దిగి, పొలాల మధ్యనుంచి నడిచి, ఇద్దరూ ఒక కాలనీకి చేరారు. కొండ మీద ఊరు రిజర్వాయరులో మునిగిపోతే, ఆ జనానికి కట్టి ఇచ్చిన రేకుల ఇళ్ళవి. మధ్యాహ్నమైనా వీధిలో అలికిడి లేదు. ఒక అరుగు మీద సుక్రమ్మ అనే ముసలామె కూర్చుని ఉంది. మాస్టారిని చూసి పలకరింపుగా తలూపింది.

"ఈ పిల్ల నా దగ్గర చదువుకుంటోంది సుక్రమ్మా. మీరు కొండ ఎలా దిగారో చెప్పు" అన్నారాయన.

"దిగమని ఆఫీసరు బాబులొచ్చినారు. మా పెద్దోళ్ళు రారని సెప్పీసినాము" అంది సుక్రమ్మ.

పెద్దోళ్ళంటే ముసలివాళ్ళని అధికారులు అనుకున్నారట. ముసలివాళ్ళు నడవలేకనే మొండికేస్తున్నారని తేల్చుకుని, మోకాళ్ళకు డాక్టర్లను తెచ్చారు. కంబళ్ళు పంచారు, కళ్ళజోళ్ళు పెట్టించారు. ముసలివాళ్ళు కంబళ్ళు కప్పుకుని, కళ్ళజోళ్ళు పెట్టుకుని, చక్కగా కూర్చుని మళ్ళీ అదే మాట అన్నారు: పెద్దోళ్ళు రారు. అధికారులకు తిక్కరేగింది. ఇక పోలీసులను దింపడమే మిగిలింది. అప్పుడొచ్చాడు, ప్రాజెక్టువాళ్ళు పంపగా, ఒక కుర్రవాడు. వాళ్ళతోపాటే అంబలి తాగాడు, వాళ్ళ అరుగుల మీదే పడుకున్నాడు. ఒకనాడు నెమ్మదిగా అడిగాడు.

"పెద్దోళ్ళంటే ఎవులమ్మా, అన్నాడు. అన్నాళ్ళూ ఆ మాట అడిగినోడు లేడు. ఇంటెనక్కి తీసుకెళ్ళి సూపించినాను" అంది సుక్రమ్మ.

ఇంటి వెనక నిలువు రాళ్ళు ఉండేవి. పోయినవాళ్ళకు మనిషికొక రాయి. ఆ ఊరి పక్కన పారే గెడ్డలోంచి ఏరి, భుజం మీద మోసుకొచ్చి పాతుకునేవారు. అలా పాతితేనే పోయినవాడు పెద్దోళ్ళలో కలుస్తాడు. కుర్రవాడు మర్నాడే డప్పులు పిలిపించాడు. ట్రాక్టరుకు బంతిపూలు కట్టించాడు, కోడిని కోయించాడు. గడ్డి పరిపించి, పసిపిల్లలను పడుకోబెట్టినంత పదిలంగా రాళ్ళను ఎక్కించాడు. చెప్పులు విడిచి తాను ముందు నడిచాడు.

"పెద్దోళ్ళే బయలెల్లిపోతే మేముండి ఏటి సేస్తాము? ఎనకాలే వచ్చీసినాము" అంది సుక్రమ్మ.

లాఠీ లేవలేదు. సాయంత్రానికి కొండ ఖాళీ అయింది. వింటున్న సత్యవేణికి ఒళ్ళు పులకరించింది. అందరూ పొరబడిన ఒక్క మాటను పట్టుకోవడమంటే మాటలా! తాను చదువుతున్నది ఇందుకే అనిపించింది. ఊరు పోగొట్టుకున్న మనిషి ముందు అలా అనిపించినందుకు వెంటనే సిగ్గేసింది. అతని పేరేమిటని అడిగింది.

"తిర్నాదు బాబు. మంచోడు."

సత్యవేణి మాస్టారి వైపు చూసింది. ఆయన నేల చూస్తున్నారు.

సుక్రమ్మ లేచి ఇద్దరినీ వాటర్ ట్యాంకు వెనక్కి తీసుకెళ్ళింది. సిమెంటు దిమ్మె మీద రాళ్ళు వరసగా ఉన్నాయి, ఒక్కొక్కదానికి పసుపు బొట్టు. దిమ్మెకు కాస్త ఎడంగా, కింద మట్టిలో, గుడ్డ చుట్టిన ఇటుక ఒకటి నిలబెట్టి ఉంది.

"ఇదేంటమ్మా?"

"మా ఇంటాయన. మొన్న వానల్లో పోనాడు. రాయి మా గెడ్డలోదే అవ్వాల. గెడ్డ నీళ్ళ కింద ఉంది. ఇటికని పెద్దోళ్ళు కలుపుకోరు కదా. బయటే ఉండిపోనాడు." ఆమె వంగి ఇటుక మీది దుమ్ము తుడిచింది. "రేపు నేనూ అంతే."

త్రినాథ్‌కు ఈ సంగతి తెలిసి ఉండకూడదని సత్యవేణి మనసు గట్టిగా కోరుకుంది. తెలియక చేశాడంటే చాలు, సాయంత్రం ఫోన్ చేసి వస్తానని చెప్పేయవచ్చు.

"ఆయనకి ఇది తెలీదు కదా అమ్మా?"

"తెలీకపోడమేటి? రాయి గెడ్డలోంచే రావాలని నేనే సెప్పినాను. ఇక మీద పోయినోళ్ళ గతేటి బాబూ అని అడిగినాను కూడా. తలూపుకుంటా అంతా ఇన్నాడు." సుక్రమ్మ గొంతులో కోపం లేదు. "మా మాట అంత బాగా ఇన్నోడు ఇంకొకడు లేడమ్మా."

తిరిగి రోడ్డు మీదికొచ్చి బస్సు కోసం నిలబడ్డారు. సత్యవేణి చేతిలో ఫోన్ మోగింది. తెర మీద త్రినాథ్ పేరు. ఆమె ఎత్తలేదు, కట్ చేయనూ లేదు.

"ఎలా చెయ్యగలిగాడు సార్?" అంది.

"మొదటి రోజు క్లాసులో మీకు ఏం చెప్పాను?"

"ఎదుటివాళ్ళ మాటను వాళ్ళ అర్థంలోనే వినమన్నారు."

దూరాన బస్సు కనిపించింది. ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది.

"ఇన్నేళ్ళలో ఆ పాఠం పూర్తిగా వచ్చినవాడు వాడొక్కడేనమ్మా" అన్నారు మాస్టారు.