పాకకు ఉత్తరాన జామాయిల్ మొక్కలు

మన్యంలో ఒక కొండవాలు మీద పశువుల పాక ఉండేది. చలికాలంలో ఉత్తరపు గాలి అడ్డూ ఆపూ లేకుండా దాన్ని కొట్టేది. ఒక పుష్యమాసంలో సింగారి అనే గేదెకు పుట్టిన దూడ మూడో రోజే చలికి బిగుసుకుపోయింది. ఆ కళేబరంతో ఒక నక్క వారం రోజులు కడుపు నింపుకుంది.

వానలు మొదలవగానే ముసలి ఎద్దు బోడన్న, చలికి తట్టుకునే రకం జామాయిల్ మొక్కలు ఏరి తెచ్చి, గిట్టలతో గుంటలు తవ్వి, పాకకు ఉత్తరాన వరుసగా నాటాడు. ఇవి పెరిగితే తనకు తిండి ఉండదని నక్కకు అర్థమైంది. నేరుగా సింగారి దగ్గరికి వచ్చింది.

"వదినా, ఇలా ఊగే మొక్కలు గాలినేం ఆపుతాయి? కర్రలు పాతి బిగించి కడితే కదలవు. పాకలో నీ వైపున్నవాటికి నేనే కట్టిపెడతాను."

"వద్దమ్మా," అన్నాడు పక్కనే ఉన్న బోడన్న. "ఊగితేనే వేరు లోతుకి దిగుతుంది, మొదలు లావెక్కుతుంది. కట్టేస్తే కర్రకు ఆనుకోవడమే నేర్చుకుంటుంది."

"దూడను పోగొట్టుకున్నది నేను మామా, నువ్వు కాదు," అంది సింగారి.

బోడన్న తన వైపు మొక్కలను మాత్రం కట్టనివ్వలేదు. నక్క తీగలతో గట్టిగా కట్టి వెళ్లింది. కట్టిన మొక్కలు మిగతావాటికంటే నిటారుగా, పొడవుగా పెరిగాయి. సింగారికి ధైర్యం వచ్చింది.

మొక్కలు నాటాక రెండో చలికాలం సింగారి మళ్లీ ఈనింది. ఆ మధ్యాహ్నమే గాలి లేచింది. వానలకు పుచ్చిన కర్రలు విరిగాయి. తీగ కోసుకుపోయిన చోట సన్నటి మొదళ్లు ఒక్కొక్కటే తెగిపడ్డాయి. గాలి సూటిగా పాకలో సింగారి వైపుకి వచ్చింది. నక్క బండ చాటున కూర్చుని చూస్తోంది.

"నా వైపుకి రా అమ్మా. ఇక్కడ చెట్లు ఊగుతున్నాయి గానీ నిలబడ్డాయి," అని పిలిచాడు బోడన్న.

"ఏ మొహం పెట్టుకుని రాను మామా?"

"దూడను ముందు పెట్టుకుని రా."

సింగారి తల వంచుకుని వచ్చింది. బోడన్న జరిగి చోటిచ్చాడు.

నక్క మూడు రోజులు కాచుకుంది. నాలుగో రోజు పొద్దున దూడ పాలు తాగి ఎండలోకి గెంతింది.

"బాగున్నావా వదినా?" అంది నక్క.

"బాగున్నాం. నువ్వు వేరే చోటు చూసుకో," అంది సింగారి.

నక్క ఖాళీ కడుపుతో వాలు దిగిపోయింది.

నీతి: భయంలో ఉన్నప్పుడు ఎవరైనా సలహా ఇస్తే, అందులో వాళ్లకేం లాభమో ముందు చూసుకోవాలి.