పేరమ్మ గుట్ట మీద పలికిన పేరు

మైదానంలో రోహిణి ఎండలు మండే రోజుల్లో కూడా చలిమెట్టలో ఉన్ని శాలువా లేనిదే ఎవరూ గడప దాటరు. కొండ కిందినుంచి బస్సు ముప్పై ఒక్క మలుపులు తిరిగి పైకి వస్తుంది. ఇరవయ్యో మలుపు దాటగానే గాలి మారుతుంది, కిటికీలు మూసుకుంటాయి, ఆపైన ఎటు చూసినా దువ్వి పెట్టినట్టుండే తేయాకు తోటలే. చల్లదనం కోసం వచ్చేవారు ఊరి నడుమ ఉన్న చెరువులో పడవ ఎక్కి, ఆకు ఆరబెట్టే కర్మాగారం చూసి, పొట్లాలు కొనుక్కుని దిగిపోతుంటారు. ఊరికి తూర్పున రెండు మైళ్ళ దూరంలో, తోటల మధ్య ఒంటరిగా నిలిచిన పేరమ్మ గుట్టకు మాత్రం తెలిసినవారే వస్తారు. గుట్ట మీద గోపురం లేదు, విగ్రహం లేదు. నలుగురు నిలబడేంత నల్లని బండ, దానికి పూసిన పసుపు, ముందు ఒక రేకుల పందిరి. బండకు మూడు వైపుల తోట. నాలుగో వైపు లోయ. అడుగు కనిపించని ఆ లోయ అంచున ఉన్న బండ తల్లి ఎలా అయిందో, ఆమెకు పేరమ్మ అనే పేరు ఎందుకు వచ్చిందో యాత్రికులు తెలుసుకోదగినది.

పూర్వం ఇక్కడ అడవి కొట్టి తేయాకు మొక్కలు నాటిన తొలి రోజుల్లో, తెలుగునాట ఉత్తర తీరపు పల్లెల నుండి కొన్ని కుటుంబాలు పనికి వచ్చాయి. వారిలో పరదేశమ్మ, తవిటమ్మ తోటికోడళ్ళు. సముద్రపు గాలి తప్ప చలి ఎరుగని ఆ ఆడవారికి ఇక్కడి మంచు కొత్త. రెండాకులూ ఒక మొగ్గా గిల్లి వీపు మీది బుట్టలో వేస్తుండగానే పొగలా వచ్చి కమ్మేసేది. పక్క వరుసలో మనిషి కనిపించేది కాదు. తోట అంచున లోయ ఉంది కనుక అడుగు తప్పితే ప్రాణమే పోతుంది. అందుచేత పెద్దదైన పరదేశమ్మకు ఒక బాధ్యత అప్పగించారు. మంచు దిగగానే ఆమె ఈ బండ ఎక్కి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవాలి. పిలుపు విన్నవారు 'ఓయ్' అని పలుకుతూ ఆ గొంతును పట్టుకుని నడిచి రావాలి. ఆమె గొంతు గట్టిది. ఆ పద్ధతి పుణ్యమా అని రెండేళ్ళపాటు ఒక్క ప్రాణం కూడా పోలేదు.

మూడో ఏడు వానాకాలంలో తవిటమ్మ ఏడాది బిడ్డ చలిజ్వరంతో కన్నుమూసింది. ఆ పూట బిడ్డను ఇంటి దగ్గర కనిపెట్టుకుని ఉన్నది పరదేశమ్మ. కషాయం పట్టింది, తన కంబళి కప్పింది, ఒడిలోనుంచి దించలేదు. అయినా బిడ్డ దక్కలేదు. కడుపుకోతలో తవిటమ్మ ఒక మాట అంది.

"నీ చేతిలో పెట్టి ఎల్లడమే నా తప్పు. గొడ్రాలికి బిడ్డ ఇలువ ఏటి తెలుస్తాది?"

పిల్లలు లేని పరదేశమ్మకు ఆ మాట గుండెలో దిగింది. "ఇంక నీ పేరు నా నోట పలికితే నేను మనిషినే కాదు" అని ఒట్టు పెట్టుకుంది. ఒకే గోడకు అటూ ఇటూ కాపురం ఉంటూ ఏడు నెలలు ఇద్దరూ ముఖాలు చూసుకోలేదు. ఆ రోజుల్లో మంచు పట్టినప్పుడల్లా తవిటమ్మ పక్కవారి కొంగు పట్టుకుని బండ చేరేది.

ఒకనాడు ఉదయం లోయ అంచు వరుసలో తవిటమ్మ ఒక్కతే పని చేస్తుండగా, మునుపెన్నడూ లేనంత చిక్కని మంచు దిగింది. పరదేశమ్మ బండ ఎక్కి పిలిచింది. పద్నాలుగు మంది పలికారు, పద్నాలుగు మందీ వచ్చారు. లెక్క చూసుకున్న కోటమ్మ అనే ఆమె, "నీ తోటికోడలు రాలేదు కదే, దాన్ని పిలవ్వేటి?" అని అడిగింది. పరదేశమ్మ నోరు తెరిచింది గాని పేరు బయటికి రాలేదు. "ఎవరైనా ఉన్నారా?" అని మాత్రం అరిచింది. లోయలోంచి ఏ బదులూ లేదు. మగవారిని తీసుకురావడానికి మిగిలినవారు ఒకరి చేయి ఒకరు పట్టుకుని ఇళ్ళ వైపు వెళ్ళారు. ఆ మంచులో వారు తిరిగి రాలేకపోయారు.

తవిటమ్మ అప్పటికే జారిపడి ఉంది. పచ్చిగడ్డి మీద కాలు పట్టుతప్పి, బుట్ట లోయలోకి పోగా, తాను మాత్రం రెండు నిలువుల కింద ఒక రాతి అరుగు మీద పొదను పట్టుకుని ఆగింది. అందరి పేర్లూ ఆమె చెవిన పడ్డాయి. తన పేరు ఒక్కటే పడలేదు. అరిస్తే వినపడేదే. కాని పిలవని పేరంటానికి పోతానా అన్న పంతంతో, బిడ్డ పోయాక బతికి ఏం చేయాలన్న దిగులుతో, పెదవి విప్పలేదు.

బండ మీద ఒంటరిగా మిగిలిన పరదేశమ్మ ఏడ్చి ఏడ్చి, ఆ రాతికే తల ఆనించి సొమ్మసిల్లింది. ఆ మగతలో ఆమెకు ఒక ముసలామె కనిపించింది. వీపున ఆకుల బుట్ట, నుదుట బుట్టపట్టీ ఒరిసిన ఎర్రని గీత.

"అందరినీ పిలిచావు, నన్ను పిలవలేదేమమ్మా?" అని ఆమె అడిగింది.

"నీ పేరేటో నాకు తెల్దు తల్లీ."

"తెలుసు. నువ్వు నోట్లో దాచుకున్న పేరే నా పేరు."

పరదేశమ్మ ఉలిక్కిపడి లేచింది. లేస్తూనే, "తవిటమ్మా! ఓలమ్మా తవిటమ్మా!" అని కొండలు అదిరేలా పిలిచింది. బదులు రాలేదు. ఆపకుండా పిలిచింది. మధ్యాహ్నం దాటే సరికి గొంతు బొంగురుపోయింది. తరువాత గాలి తప్ప మాట రాలేదు. అప్పటికీ ఆమె పెదవులు ఆ పేరునే కదుపుతున్నాయి.

కొండజాతి పశువుల కాపరి బెళ్ళన్న తప్పిపోయిన గేదె కోసం అదే లోయ అంచు దారిన వస్తూ ఆ పిలుపు విన్నాడు. పిలుపుకు బదులుగా కింద ఎక్కడో సన్నని ఏడుపు కూడా విన్నాడు. తన కంబళిని మెలితిప్పి కిందికి వదిలి తవిటమ్మను పైకి లాగి, సాయంత్రానికి బండ దగ్గరకు చేర్చాడు.

"పొద్దుటినుంచి పిలుస్తూనే ఉన్నావు. మేం గట్టెక్కేదాకా నీ గొంతే మాకు దారి చూపింది" అన్నాడు అతను.

పరదేశమ్మ తల అడ్డంగా ఊపి, గొంతు చూపించి, మాట లేదని సైగ చేసింది. బెళ్ళన్న నిర్ఘాంతపోయాడు. తవిటమ్మ కూడా చెప్పింది. మొదట విన్నది తోటికోడలి గొంతే. పంతం కొద్దీ పలకలేదు. తరువాత వినిపించింది వేరే గొంతు, వయసు మళ్ళినది, అలసట లేనిది. పసిబిడ్డను లేపే తల్లిలా పిలిచిన ఆ పిలుపుకే తనకు ఏడుపు ఆగలేదని అంది. అది లోయ తిప్పి పలికిన ప్రతిధ్వని అనేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అంతసేపు నిలిచే ప్రతిధ్వనిని మాత్రం ఆ తరువాత ఎవరూ వినలేదు.

తవిటమ్మ తోటికోడలి కాళ్ళు పట్టుకుంది. "నేనన్న మాట తప్పు అక్కా. నువ్వు బిడ్డను ఒడిలోంచి దించలేదని నాకు తెలుసు. తెలిసే అన్నాను" అంది. పరదేశమ్మ ఆమెను లేవదీసి, తన చీర కొంగుతో ముఖం తుడిచింది. ఆ పోయిన గొంతు ఇక పూర్తిగా తిరిగి రాలేదు. తవిటమ్మ బతికినన్నాళ్ళూ ప్రతి పొద్దూ ఆకు మరిగించి, అల్లం మిరియం దంచి వేసి, అక్కకు తాగించేదట. మంచు పట్టిననాడు బండ ఎక్కి పిలిచే పని కూడా తానే తీసుకుంది. ఆ రోజు పేరు పెట్టి పిలిచింది ఈ బండలో ఉన్న తల్లేనని నమ్మి, తోటవారు బండకు పసుపు పూసి పేరమ్మ అని కొలవసాగారు.

నేటికీ ఈ గుట్ట మీద తీర్థంగా ఇచ్చేది చక్కెర లేని ఆ అల్లం మిరియాల తేనీరే. తవిటమ్మకు ఆ తరువాత పుట్టిన కూతురి సంతతివారే పూజ చేస్తున్నారు. వచ్చినవారు తమ గోత్రనామాలు చెప్పనక్కరలేదు. ఎవరితో మాటలు మానేశారో వారి పేరును బండ మీద నిలబడి, లోయ వైపు తిరిగి, మూడుసార్లు గట్టిగా పిలవాలి. ఊరు చూడ్డానికి వచ్చి సరదాగా గుట్ట ఎక్కిన కొందరు రెండోసారికే బండ మీద కూర్చుండిపోవడం పూజారిణి అన్నపూర్ణమ్మ చాలాసార్లు చూసింది. అలాంటివారికి ఆమె ఇంకొక లోటా తేనీరు పోస్తుంది. మూడోసారి పిలిచేవరకు ఎంతసేపైనా పక్కనే నిలబడుతుంది.

ఇక్కడ ఒక పేరును మనసారా పిలిచినవారిని, తరువాత తామే ఎంత దూరాన ఏ మంచులో చిక్కుకున్నా, పేరు పెట్టి పిలిచే గొంతు ఒకటి తప్పక ఉంటుందని పెద్దల మాట.